సీ భాషలో ప్రామాణిక ఔట్‌పుట్ ఫంక్షన్ల రిటర్న్ విలువలు

సీ ప్రోగ్రామింగ్ భాషలో తెరపైన గాని, ఫైలులో గాని సమాచారాన్ని రాసే ప్రింట్ఎఫ్, పుట్‌చార్, పుట్స్ మొదలైన వాటిని ప్రామాణిక ఔట్‌పుట్ ఫంక్షన్లు అంటారు. ఇవి తమ పని ముగిసిన తరువాత, తమను పిలిచిన ప్రోగ్రాముకు ఒక సంఖ్యను తిరిగి అందజేస్తాయి. దీనినే రిటర్న్ విలువ అంటారు. రాయడం సఫలమైనదా, విఫలమైనదా, ఎంత రాయబడినది అనే విషయాలు ఈ సంఖ్య ద్వారా తెలుస్తాయి.

చాలా ప్రోగ్రాములలో ఈ విలువను ఎవరూ పట్టించుకోరు. పాఠ్యపుస్తకాలలోని మొదటి ప్రోగ్రాము కూడా ప్రింట్ఎఫ్‌ను పిలిచి, అది ఇచ్చిన సంఖ్యను వదిలివేస్తుంది. తెరపైన రెండు పంక్తులు ముద్రించేటప్పుడు దీనివలన నష్టం లేదు. లెక్కల పుస్తకం వంటి ముఖ్యమైన సమాచారాన్ని ఫైలులో రాసేటప్పుడు మాత్రం దీనిని వదిలివేస్తే, రాయని దానిని రాసినట్లుగా భావించే ప్రమాదం ఉన్నది. అంతేకాక, ఈ ఫంక్షన్లు సాధారణంగా అక్షరాలను కాక బైట్లను లెక్కిస్తాయి కాబట్టి, తెలుగు పాఠ్యం విషయంలో వాటి ఫలితాలు విద్యార్థులను ఆశ్చర్యపరుస్తుంటాయి.

ఈ వ్యాసంలో ఫంక్షన్ల పేర్లు ఉచ్చారణను అనుసరించి తెలుగు లిపిలో ఇవ్వబడినవి. పూర్ణాంకాన్ని ముద్రించే సంకేతం %డి గాను, పదాన్ని ముద్రించే సంకేతం %ఎస్ గాను చూపబడినవి.

చరిత్ర

సీ భాషను అమెరికాలోని బెల్ లేబొరేటరీస్‌లో డెన్నిస్ రిచీ 1972 ప్రాంతంలో రూపొందించాడు. దానికి ముందరిదైన, కెన్ థాంప్సన్ రూపొందించిన బీ భాషలోనే ప్రింట్ఎఫ్ అనే పేరుతో ఒక ఫంక్షన్ ఉండేది. అదే సంస్థకు చెందిన మైక్ లెస్క్ 1970 దశకం తొలినాళ్ళలో ఒక ఇన్‌పుట్-ఔట్‌పుట్ లైబ్రరీని రాశాడు. అది మార్పులు చెంది 1979లో వెలువడిన యూనిక్స్ ఏడవ కూర్పులో ప్రామాణిక ఇన్‌పుట్-ఔట్‌పుట్ లైబ్రరీగా స్థిరపడింది.

తొలి రోజులలో రిటర్న్ విలువలు అన్ని యంత్రాలపైన ఒకే విధంగా ఉండేవి కావు. ఉదాహరణకు, పాత బీఎస్‌డీ యూనిక్స్‌లో ఎస్‌ప్రింట్ఎఫ్ ఫంక్షన్ అక్షరాల సంఖ్యకు బదులుగా బఫరు చిరునామాను తిరిగి ఇచ్చేది. 1989లో అమెరికా ప్రమాణాల సంస్థ, 1990లో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ సీ భాషకు ప్రమాణాన్ని ఆమోదించడంతో ఈ విలువలకు ఒక కట్టుబాటు ఏర్పడింది. 1995 నాటి సవరణలో విశాల అక్షరాల ఫంక్షన్లు, 1999 ప్రమాణంలో ఎస్‌ఎన్‌ప్రింట్ఎఫ్ చేరాయి. ఆ తరువాత 2011, 2018, 2024 సంవత్సరాలలో ప్రచురితమైన కూర్పులలో కూడా ఈ మూల నియమాలు అలాగే కొనసాగాయి.

ముఖ్య ఫంక్షన్లు, వాటి విలువలు

| ఫంక్షన్ | చేసే పని | సఫలమైతే ఇచ్చే విలువ | విఫలమైతే ఇచ్చే విలువ |
|---|---|---|---|
| ప్రింట్ఎఫ్, ఎఫ్‌ప్రింట్ఎఫ్ | రూపం దిద్ది రాయడం | రాసిన బైట్ల సంఖ్య | రుణ సంఖ్య |
| పుట్‌చార్, పుట్‌సీ, ఎఫ్‌పుట్‌సీ | ఒక బైటు రాయడం | రాసిన బైటు విలువ | ఈఓఎఫ్ |
| పుట్స్, ఎఫ్‌పుట్స్ | ఒక పదాన్ని లేదా వాక్యాన్ని రాయడం | సున్న లేదా ధన సంఖ్య | ఈఓఎఫ్ |
| ఎఫ్‌రైట్ | నిర్ణీత పరిమాణం గల అంశాలను రాయడం | రాసిన అంశాల సంఖ్య | కోరినదానికంటె తక్కువ సంఖ్య |
| ఎస్‌ప్రింట్ఎఫ్ | మెమొరీలోని బఫరులో రాయడం | రాసిన బైట్ల సంఖ్య | రుణ సంఖ్య |
| ఎస్‌ఎన్‌ప్రింట్ఎఫ్ | హద్దుకు లోబడి బఫరులో రాయడం | చోటు ఉంటే రాయబడేవైన బైట్ల సంఖ్య | రుణ సంఖ్య |
| ఎఫ్‌ఫ్లష్ | బఫరును ఖాళీ చేయడం | 0 | ఈఓఎఫ్ |
| ఎఫ్‌క్లోజ్ | ఫైలును మూసివేయడం | 0 | ఈఓఎఫ్ |

ఈఓఎఫ్ అనేది ఒక రుణ పూర్ణాంకానికి పెట్టిన పేరు. దాని విలువ ఇంత అని ప్రమాణం నిర్దేశించలేదు. ఆచరణలో అది సాధారణంగా -1గా ఉంటుంది. అయినప్పటికీ ప్రోగ్రాములో -1 అని రాయక, ఈఓఎఫ్ అనే పేరుతోనే పోల్చడం మంచిది.

పై పట్టికను గమనిస్తే ఈ ఫంక్షన్లన్నిటికీ ఒకే పద్ధతి లేదని తెలుస్తుంది. ఒకదానికి సున్న విజయం, మరొకదానికి సున్న అంటే ఏమీ రాయలేదని అర్థం. కనుక ఏ ఫంక్షన్‌కు ఆ ఫంక్షన్ నియమాన్నే గుర్తుంచుకోవాలి.

ప్రింట్ఎఫ్

ప్రింట్ఎఫ్ తాను ఔట్‌పుట్‌కు పంపిన బైట్ల సంఖ్యను తిరిగి ఇస్తుంది. రాయడంలో గాని, అక్షర సంకేతాల మార్పిడిలో గాని దోషం ఏర్పడితే రుణ సంఖ్యను ఇస్తుంది. లెక్కింపులో ఈ క్రింది విషయాలు గమనించదగినవి.

* ఖాళీ, ట్యాబు, కొత్త పంక్తి గుర్తు ఒక్కొక్కటి ఒక బైటుగా లెక్కకు వస్తాయి.
* లెక్కకు వచ్చేది ముద్రణలో వెలువడినదే కాని, ప్రోగ్రాములో రాసిన సంకేతం కాదు. 12500 అనే సంఖ్యను %డి ద్వారా ముద్రిస్తే విలువ 5.
* రుణ గుర్తు కూడా లెక్కకు వస్తుంది. -50 ముద్రిస్తే విలువ 3.
* దశాంశ సంఖ్యను మామూలు పద్ధతిలో ముద్రిస్తే ఆరు దశాంశ స్థానాలు వస్తాయి. 3.5 అనేది 3.500000గా ముద్రితమవుతుంది కాబట్టి విలువ 8.
* వెడల్పు కోసం చేర్చిన ఖాళీలు కూడా లెక్కలో చేరుతాయి. 42ను 5 స్థానాల వెడల్పుతో ముద్రిస్తే విలువ 5.
* ఏమీ లేని వాక్యాన్ని ముద్రిస్తే విలువ 0. ఇది దోషం కాదు.

విండోస్‌లో టెక్స్టు ఫైలుకు రాసేటప్పుడు కొత్త పంక్తి గుర్తు రెండు బైట్లుగా మారి డిస్కుకు చేరుతుంది. కాని ప్రింట్ఎఫ్ దానిని ఒకటిగానే లెక్కిస్తుంది. కనుక రిటర్న్ విలువలను కూడి ఫైలు పరిమాణాన్ని రాబట్టబూనితే అక్కడ తేడా వస్తుంది.

పరీక్షలలో కనిపించే ఉదాహరణలు

ఇంజనీరింగు మొదటి సంవత్సరం పరీక్షలలోను, ఉద్యోగ నియామక పరీక్షలలోను ఈ అంశంపై తరచు ప్రశ్నలు వస్తుంటాయి. వీటిలో ప్రసిద్ధమైనది ఒక ప్రింట్ఎఫ్‌లో మరొక ప్రింట్ఎఫ్‌ను ఇమిడ్చిన ప్రశ్న. మూడు ప్రింట్ఎఫ్‌లు ఒకదానిలో ఒకటి ఉండి, అన్నిటికంటె లోపలి దానికి 43 అనే సంఖ్యను ఇచ్చారనుకుందాం. మూడింటిలోను %డి సంకేతమే ఉన్నది.

# లోపలి ప్రింట్ఎఫ్ 43 అని ముద్రిస్తుంది. ముద్రించినవి రెండు అంకెలు కాబట్టి 2ను తిరిగి ఇస్తుంది.
# మధ్యది ఆ 2ను ముద్రిస్తుంది. అది ఒకే అంకె కాబట్టి 1ని తిరిగి ఇస్తుంది.
# వెలుపలిది ఆ 1ని ముద్రిస్తుంది.

తెరపైన కనిపించేది 4321. అదే విధంగా లోపల 1000 ఇస్తే మొదట 1000, తరువాత 4, తరువాత 1 ముద్రితమై 100041 అని కనిపిస్తుంది.

ఇటువంటి ప్రశ్నలలో ఒక మెలిక ఉన్నది. ఒకే ప్రింట్ఎఫ్‌కు రెండు వేర్వేరు ప్రింట్ఎఫ్‌లను పక్కపక్కన విలువలుగా ఇస్తే, వాటిలో ఏది ముందు జరగాలి అన్నది ప్రమాణం నిర్ణయించలేదు. ఒక కంపైలరులో ఎడమది ముందు, మరొకదానిలో కుడిది ముందు జరగవచ్చును. అటువంటి ప్రశ్నకు ఒకే జవాబు ఉన్నదని చెప్పడం సరికాదు. పై 43 ఉదాహరణలో ఈ ఇబ్బంది లేదు, ఎందుకంటే లోపలిది పూర్తి కానిదే వెలుపలి దానికి విలువ అందదు.

ఒక్కొక్క బైటును రాసే ఫంక్షన్లు

పుట్‌చార్ తనకు ఇచ్చిన సంఖ్యను మొదట 0 నుండి 255 వరకు గల బైటుగా మార్చుకొని, దానిని రాసి, అదే విలువను తిరిగి ఇస్తుంది. ఆంగ్లంలోని పెద్ద 'ఏ' అక్షరాన్ని ముద్రిస్తే ఆస్కీ సంకేతం ప్రకారం 65 వస్తుంది. 321ని ఇచ్చినా అదే అక్షరం ముద్రితమై 65 వస్తుంది, ఎందుకంటే 321 నుండి 256 తీసివేయగా మిగిలేది 65.

ఈ ఫంక్షన్ ఇచ్చేది ఒక అక్షరమే అయినప్పుడు దాని రకం పూర్ణాంకంగా ఎందుకు ఉండాలి అనే సందేహం సహజం. బైటుకు 256 విలువలు సాధ్యం. వాటిలో ఏదీ దోషానికి గుర్తు కాజాలదు, ఎందుకంటే ప్రతి విలువా రాయదగిన సమాచారమే. కనుక దోషాన్ని తెలిపేందుకు 257వ విలువ ఒకటి కావాలి. అదే ఈఓఎఫ్. ఈ 257 విలువలూ ఒక్క బైటులో ఇమడవు కాబట్టి పూర్ణాంకం అవసరమైనది.

దీనిని మరచి, వచ్చిన విలువను అక్షర రకానికి చెందిన చలరాశిలో దాచితే చిక్కు వస్తుంది. చాలా యంత్రాలలో అక్షర రకం -128 నుండి 127 వరకు మాత్రమే ఉంటుంది. 255 అనే బైటును సక్రమంగా రాసినప్పటికీ, దానిని ఆ చలరాశిలో ఉంచగానే అది -1గా మారి, ఈఓఎఫ్‌తో సమానమై, దోషం జరిగినట్లు చూపుతుంది. చిత్రాలు, ధ్వని ఫైళ్ళలో 255 విరివిగా వస్తుంది.

పుట్స్, ఎఫ్‌పుట్స్

పుట్స్ ఇచ్చిన వాక్యాన్ని రాసి, చివర కొత్త పంక్తి గుర్తును తానే చేరుస్తుంది. ఎఫ్‌పుట్స్ చేర్చదు. సఫలమైతే రుణం కాని ఏదో ఒక సంఖ్యను ఇవ్వాలని మాత్రమే ప్రమాణం చెబుతున్నది. లైనక్స్‌లో వాడే గ్నూ లైబ్రరీలో పుట్స్ రాసిన బైట్ల సంఖ్యను ఇస్తుంది. మైక్రోసాఫ్ట్ లైబ్రరీలో, మజిల్ అనే మరొక లైబ్రరీలో 0 ఇస్తుంది. కనుక ఈ విలువను బైట్ల సంఖ్యగా వాడుకొన్న ప్రోగ్రాము ఒక యంత్రంపైన సరిగా పనిచేసి, మరొక యంత్రంపైన తప్పుతుంది. పుట్స్ విలువ సున్న కంటె తక్కువా కాదా అన్నది మాత్రమే చూడాలి.

ఎస్‌ప్రింట్ఎఫ్, ఎస్‌ఎన్‌ప్రింట్ఎఫ్

ఈ రెండూ తెరకు బదులు మెమొరీలోని బఫరులో రాస్తాయి. ఎస్‌ప్రింట్ఎఫ్‌కు బఫరు ఎంత పెద్దదో తెలియదు. చోటు చాలకపోతే హద్దు దాటి పక్కనున్న మెమొరీని పాడుచేస్తుంది. అది తిరిగి ఇచ్చే సంఖ్యను చూసి హద్దు దాటినదని తెలుసుకొన్నా, అప్పటికే నష్టం జరిగిపోయి ఉంటుంది.

ఎస్‌ఎన్‌ప్రింట్ఎఫ్‌కు బఫరు పరిమాణాన్ని కూడా ఇస్తారు. అది ఆ హద్దును దాటదు. అయితే అది తిరిగి ఇచ్చేది రాసిన బైట్ల సంఖ్య కాదు. చోటు ఉన్నట్లయితే ఎన్ని బైట్లు రాసి ఉండేదో ఆ సంఖ్య. చివర ఉంచే సున్న బైటు ఇందులో చేరదు. కనుక వచ్చిన విలువ బఫరు పరిమాణానికి సమానంగా గాని, అంతకంటె ఎక్కువగా గాని ఉంటే పాఠ్యం తెగిపోయినదని అర్థం.

ఈ గుణం వలన ఒక ఉపయోగం ఉన్నది. మొదట పరిమాణం 0గా, బఫరు స్థానంలో నల్ పాయింటరు ఇచ్చి పిలిస్తే కావలసిన చోటు ఎంతో తెలుస్తుంది. దానికి 1 కలిపి అంత మెమొరీ తీసుకొని రెండవసారి పిలవవచ్చును. గ్నూ లైబ్రరీ 2.1 కూర్పుకు ముందు, మైక్రోసాఫ్ట్ విజువల్ స్టూడియోలో 2015 కూర్పుకు ముందు ఈ నియమం అమలులో లేదు. ఆనాటి ఫంక్షన్లు పాఠ్యం తెగితే రుణ సంఖ్యను ఇచ్చేవి. పాత ప్రోగ్రాములను చదివేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి.

తెలుగు పాఠ్యంతో ఈ విలువలు

తెలుగు లిపికి యూనికోడ్‌లో పదహారు ఆధారపు సంఖ్యలలో 0సీ00 నుండి 0సీ7ఎఫ్ వరకు, అనగా దశాంశ పద్ధతిలో 3072 నుండి 3199 వరకు, 128 స్థానాలు కేటాయించబడినవి. హల్లులు, అచ్చులు, గుణింతపు గుర్తులు, పొల్లు, సున్న వీటిలో ఒక్కొక్కదానికి ఒక్కొక్క స్థానం ఉన్నది. 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ రూపొందించిన యూటీఎఫ్-8 పద్ధతిలో ఆంగ్ల అక్షరం ఒక బైటు తీసుకొంటుంది. తెలుగులోని ప్రతి స్థానమూ మూడు బైట్లు తీసుకొంటుంది. ప్రింట్ఎఫ్ లెక్కించేది ఈ బైట్లనే.

గుంటూరు అనే పదం చదివేవారికి మూడక్షరాలు. యూనికోడ్‌లో అది గ, ఉకారపు కొమ్ము, సున్న, ట, ఊకారపు కొమ్ము, ర, ఉకారపు కొమ్ము అని ఏడు స్థానాలు. వాటికి బైట్లు 21. కనుక ప్రింట్ఎఫ్ 21ని తిరిగి ఇస్తుంది. అదే పేరును ఆంగ్ల లిపిలో రాస్తే 6 మాత్రమే వస్తుంది. గుంటూరు, ప్రకాశం ప్రాంతాల మరికొన్ని పేర్లు, పంటల పేర్లు ఈ క్రింది పట్టికలో చూడవచ్చును.

| పదం | చదివేవారికి అక్షరాలు | యూనికోడ్ స్థానాలు | ప్రింట్ఎఫ్ ఇచ్చే విలువ |
|---|---|---|---|
| గుంటూరు | 3 | 7 | 21 |
| ఒంగోలు | 3 | 6 | 18 |
| తెనాలి | 3 | 6 | 18 |
| చీరాల | 3 | 5 | 15 |
| నరసరావుపేట | 7 | 10 | 30 |
| చిలకలూరిపేట | 7 | 11 | 33 |
| మిర్చి | 2 | 6 | 18 |
| పత్తి | 2 | 5 | 15 |

మొదటి నాలుగు పేర్లూ కంటికి మూడక్షరాలవే అయినప్పటికీ వాటి విలువలు 21, 18, 18, 15గా ఉండడం గమనించాలి. కనుక రిటర్న్ విలువను మూడుతో భాగిస్తే యూనికోడ్ స్థానాల సంఖ్య వస్తుందే కాని, అక్షరాల సంఖ్య రాదు. పాఠ్యంలో అంకెలు, ఖాళీలు కలిస్తే ఆ భాగహారం కూడా పనికిరాదు. "మిర్చి 45 కిలోలు" అని ముద్రిస్తే వచ్చే విలువ 40. ఇందులో తెలుగు భాగానికి 36, రెండు అంకెలకు 2, రెండు ఖాళీలకు 2. అదే తెలుగు అంకెలు వాడితే ఒక్కొక్క అంకెకు మూడేసి బైట్లు పడతాయి. పొల్లును విడిగా నిలిపి ఉంచేందుకు వాడే, కంటికి కనిపించని గుర్తుకు కూడా మూడు బైట్లు పడతాయి.

పుట్‌చార్ ద్వారా ఒక తెలుగు అక్షరాన్ని ఒకేసారి ముద్రించడం సాధ్యం కాదు. 'గ' స్థానం 3095. దానిని పుట్‌చార్‌కు ఇస్తే, 256తో భాగించగా మిగిలిన 23 అనే బైటు మాత్రమే వెలువడుతుంది. తిరిగి వచ్చే విలువ కూడా 23. రిటర్న్ విలువను ఇచ్చిన విలువతో పోల్చి చూస్తే ఈ నష్టం బయటపడుతుంది. 'గ' కనిపించాలంటే 224, 176, 151 అనే మూడు బైట్లను వరుసగా రాయాలి.

పట్టికలు వంకరపోవడం

ప్రింట్ఎఫ్‌లో పదానికి ఇచ్చే వెడల్పు కూడా బైట్లలోనే ఉంటుంది. ఊరి పేరును ఎడమవైపుకు సర్ది 20 స్థానాల వెడల్పుతో, దాని పక్కన ధరను ముద్రించారనుకుందాం. చీరాలకు 15 బైట్లు కాబట్టి 5 ఖాళీలు, ఒంగోలుకు 2 ఖాళీలు చేరుతాయి. గుంటూరు 20 దాటినందున ఒక్క ఖాళీ కూడా రాదు, ధర పేరుకు అతుక్కుపోతుంది. ఆంగ్ల లిపిలో నిలువుగా తీరిన పట్టిక తెలుగులో వంకరపోవడానికి కారణం ఇదే.

నిడివిని తగ్గించే సంకేతం ఇంకా ఇబ్బంది కలిగిస్తుంది. గుంటూరు అనే పేరును 10 బైట్లకు పరిమితం చేస్తే మొదటి తొమ్మిది బైట్లతో 'గుం' వచ్చి, 'ట' యొక్క మొదటి బైటు మాత్రం మిగిలిపోతుంది. ఆ ఒంటరి బైటు తెరపైన చెల్లని గుర్తుగా కనిపిస్తుంది. ప్రింట్ఎఫ్ మాత్రం ఏ దోషాన్నీ తెలపక 10 అని చెబుతుంది. 20 బైట్ల బఫరులో ఎస్‌ఎన్‌ప్రింట్ఎఫ్ ద్వారా అదే పేరును రాస్తే 19 బైట్లే ఇముడుతాయి. చివరి కొమ్ము తెగిపోతుంది. అక్కడ రిటర్న్ విలువ 21 కాబట్టి, చూసేవారికి తెగిన సంగతి తెలుస్తుంది.

విశాల అక్షరాల ఫంక్షన్లు

డబ్ల్యుప్రింట్ఎఫ్, పుట్‌డబ్ల్యుచార్ మొదలైనవి బైట్లను కాక విశాల అక్షరాలను లెక్కిస్తాయి. గుంటూరును డబ్ల్యుప్రింట్ఎఫ్ ద్వారా ముద్రిస్తే 7 వస్తుంది. పుట్‌డబ్ల్యుచార్‌కు 3095 ఇస్తే 'గ' ముద్రితమై 3095 తిరిగి వస్తుంది. దోషమైతే డబ్ల్యుఈఓఎఫ్ వస్తుంది. వీటిని వాడే ముందు సెట్‌లొకేల్ ఫంక్షన్ ద్వారా తగిన భాషా వ్యవస్థను ఎంచుకోవాలి. ఒకే ఔట్‌పుట్‌పైన రెండు రకాల ఫంక్షన్లను కలిపి వాడరాదు. చదివేవారు గుర్తించే అక్షరాల సంఖ్యను, అనగా గుంటూరుకు 3 అని, ఈ రెండు రకాలలో ఏ ఫంక్షనూ చెప్పదు. అందుకు గుణింతాలను, ఒత్తులను గుర్తించే ప్రత్యేక లైబ్రరీ అవసరం.

బఫరు వలన కలిగే అపోహ

ఔట్‌పుట్ ఫంక్షన్లు సమాచారాన్ని నేరుగా డిస్కుకు పంపవు. మొదట మెమొరీలోని బఫరులో పోగుచేసి, అది నిండినప్పుడు ఒక్కసారిగా ఆపరేటింగ్ సిస్టమ్‌కు అప్పగిస్తాయి. తెరకు రాసేటప్పుడు సాధారణంగా పంక్తి ముగియగానే అప్పగింత జరుగుతుంది. ఫైలుకు రాసేటప్పుడు బఫరు నిండే వరకు ఆగుతుంది. దీని పరిమాణం చాలా వ్యవస్థలలో 4096 బైట్లు. కనుక ప్రింట్ఎఫ్ 100 అని తిరిగి ఇస్తే, 100 బైట్లు బఫరుకు చేరినవని మాత్రమే అర్థం.

దీని పర్యవసానాన్ని ఒక ఊహా ఉదాహరణతో చూడవచ్చును. గుంటూరు మిర్చి యార్డు వంటి మార్కెట్టులో ఒక కమీషను దుకాణం ఉన్నదనుకుందాం. రైతు తెచ్చిన టిక్కీల తూకం, ధర, రావలసిన సొమ్ము చూపే తక్‌పట్టీ వివరాలను అక్కడి ప్రోగ్రాము ఒక ఫైలులో రాస్తున్నది. ఒక్కొక్క పట్టీకి 100 బైట్లు పడతాయి. ఆ రోజు డిస్కులో చోటు అయిపోయినది. అయినా మొదటి 40 పట్టీలకు ప్రింట్ఎఫ్ 100 అనే చెబుతుంది, ఎందుకంటే ఆ 4000 బైట్లూ బఫరులోనే ఉన్నాయి. 41వ పట్టీ వద్ద బఫరు నిండి, డిస్కుకు రాయబోయి విఫలమై, అప్పుడు రుణ సంఖ్య వస్తుంది. అప్పటికి సఫలమని చెప్పిన 40 పట్టీలలో ఒక్కటి కూడా డిస్కుకు చేరి ఉండదు.

ఆ రోజు 35 పట్టీలతోనే పని ముగిస్తే సంగతి ఇంకా కష్టం. ఏ ప్రింట్ఎఫ్ కూడా రుణ సంఖ్యను ఇవ్వదు. ప్రతి రిటర్న్ విలువను శ్రద్ధగా పరీక్షించిన ప్రోగ్రాము కూడా అంతా సవ్యంగా ఉన్నదనే అనుకొంటుంది. దోషం బయటపడేది చివరన ఎఫ్‌క్లోజ్ ఇచ్చే ఈఓఎఫ్ ద్వారా మాత్రమే. దానిని చూడకపోతే 35 మంది రైతుల లెక్కలు పోయిన సంగతి మరునాడు ఫైలు తెరిచినప్పుడు గాని తెలియదు.

లైనక్స్‌లో దీనిని విద్యార్థులు స్వయంగా పరీక్షించవచ్చును. అందులో డెవ్ డైరెక్టరీలో ఫుల్ అనే ప్రత్యేక పరికర ఫైలు ఉంటుంది. దానికి ఏమి రాసినా "చోటు లేదు" అనే దోషమే వస్తుంది. ఒక చిన్న ప్రోగ్రాము ఔట్‌పుట్‌ను దానికి మళ్ళిస్తే, ప్రింట్ఎఫ్ ధన సంఖ్యనే ఇస్తుంది. ఎఫ్‌ఫ్లష్ మాత్రం ఈఓఎఫ్ ఇస్తుంది. ఎఫ్‌ఫ్లష్‌ను పిలవని ప్రోగ్రాము ఏమీ రాయకుండానే విజయ సంకేతమైన 0తో ముగుస్తుంది.

పరీక్షించవలసిన పద్ధతి

ప్రతి ప్రింట్ఎఫ్ వద్ద పరీక్ష రాస్తే ప్రోగ్రాము చదవడానికి వీలు కానంత పొడవవుతుంది. దీనికి ప్రామాణిక లైబ్రరీలోనే ఒక సౌకర్యం ఉన్నది. ఏదైనా ఒక రాత విఫలమైతే, ఆ ఫైలుకు సంబంధించిన దోష సూచిక నిలిచి ఉంటుంది. క్లియర్‌ఎర్ర్ వంటి ఫంక్షన్ ద్వారా తొలగించే వరకు అది పోదు. కనుక ముఖ్యమైన ఫైలు రాసే ప్రోగ్రాము చివరన ఈ క్రింది వరుస సరిపోతుంది.

# ఎఫ్‌ఫ్లష్‌ను పిలిచి 0 వచ్చినదా అని చూడాలి.
# ఎఫ్‌ఎర్రర్‌ను పిలిచి, అంతకు ముందు ఏ రాతలోనైనా దోషం జరిగినదేమో చూడాలి. దోషం ఉంటే సున్న కాని విలువ వస్తుంది.
# ఎఫ్‌క్లోజ్‌ను పిలిచి 0 వచ్చినదా అని చూడాలి.
# వీటిలో ఏది విఫలమైనా ఆ విషయాన్ని తెలిపి, ప్రోగ్రామును వైఫల్య సంకేతంతో ముగించాలి.

ఎఫ్‌ఎర్రర్‌ను ఎఫ్‌క్లోజ్‌కు ముందే పిలవాలి. మూసిన ఫైలు దోష సూచికను చూడడం కుదరదు. పైగా మధ్యలో ఒక రాత విఫలమైనప్పటికీ ఎఫ్‌క్లోజ్ 0 ఇచ్చే అవకాశం ఉన్నది.

ఎఫ్‌ఫ్లష్ 0 ఇచ్చినా సమాచారం ఆపరేటింగ్ సిస్టమ్‌కు చేరినదని మాత్రమే అర్థం. విద్యుత్తు పోయినా నిలిచేలా డిస్కుకు చేరినదని తెలుసుకోవడానికి యూనిక్స్ వర్గపు వ్యవస్థలలో ఎఫ్‌సింక్ అనే వేరొక ఫంక్షన్ ఉన్నది. అది సఫలమైతే 0, లేకపోతే -1 ఇస్తుంది. ప్రింటరుకు పంపిన చీటీ కాగితంపైన పడినదా లేదా అన్నది ఈ విలువలలో దేనివలనా తెలియదు.

ఇతర భాషలలో

పైథాన్ మూడవ కూర్పులో ప్రింట్ ఫంక్షన్ ఏ సంఖ్యనూ ఇవ్వదు. దోషం ఏర్పడితే మినహాయింపును లేవనెత్తుతుంది. టెక్స్టు ఫైలుపై రైట్‌ను పిలిస్తే మాత్రం యూనికోడ్ స్థానాల సంఖ్య వస్తుంది, అనగా గుంటూరుకు 7. గో భాషలోని ప్రింట్ఎల్ఎన్ బైట్ల సంఖ్యను, దోషాన్ని రెండు వేర్వేరు విలువలుగా ఇస్తుంది. గుంటూరుకు కొత్త పంక్తి గుర్తుతో కలిపి 22 వస్తుంది. జావాలోని ప్రింట్‌స్ట్రీమ్ దోషం జరిగినా మౌనంగా ఉంటుంది. చెక్‌ఎర్రర్ అనే పద్ధతిని పిలిచి అడిగితేనే చెబుతుంది.

సాధారణంగా జరిగే పొరపాట్లు

* ప్రింట్ఎఫ్ సఫలమైతే 0 లేదా 1 ఇస్తుందని భావించడం.
* పుట్‌చార్ విలువను అక్షర రకపు చలరాశిలో దాచడం.
* పుట్స్ విలువను వాక్యం నిడివిగా వాడడం.
* ఎఫ్‌రైట్ విలువ సున్న కంటె తక్కువా అని పరీక్షించడం. అది ఎన్నడూ రుణ సంఖ్యను ఇవ్వదు. వచ్చిన సంఖ్యను కోరిన అంశాల సంఖ్యతో పోల్చాలి.
* ఎస్‌ఎన్‌ప్రింట్ఎఫ్ ఇచ్చిన సంఖ్య అంతా బఫరులో ఉన్నదని భావించి, ఆ స్థానం నుండి తరువాతి పాఠ్యాన్ని రాయడం. పాఠ్యం తెగినప్పుడు ఇది హద్దు దాటిస్తుంది.
* తెలుగు పాఠ్యంలో రిటర్న్ విలువను అక్షరాల సంఖ్యగా భావించడం.
* ఎఫ్‌క్లోజ్ విలువను చూడకుండా వదిలివేయడం.

ఇవి కూడా చూడండి

* సీ (ప్రోగ్రామింగ్ భాష)
* డెన్నిస్ రిచీ
* యూనికోడ్
* యూటీఎఫ్-8
* తెలుగు లిపి